డేట్‌కి ముందు వారం నేను నాలా ఉండట్లేదు, మీరంతా ప్రశాంతంగా ఎలా ఉంటున్నారు?

వానచినుకు · జనవరి 9, రాత్రి 11:48

అందరికీ నమస్తే. చాలా రోజులుగా చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదటిసారి. నాకు 33, ఒక బాబు, ఆరేళ్ళు. పీరియడ్స్‌కి వారం ముందు నుంచి నాకు చిరాకు మొదలవుతుంది, చిరాకంటే మామూలుగా అందరికీ వచ్చేది కాదు, తలుపు కాస్త గట్టిగా పడినా పక్కన ఎవరైనా చప్పుడు చేస్తూ నమిలినా ఒళ్ళంతా మండిపోతుంది. ఇవాళ బాబు చేతిలోంచి నీళ్ళ గ్లాసు జారిపోయింది. అంతే. ఎంత గట్టిగా అరిచానంటే వాడు ఏడవను కూడా ఏడవలేదు, గోడకి ఆనుకుని అలా నిలబడిపోయాడు. వాడలా నిలబడటం నా కళ్ళ ముందు నుంచి పోవట్లేదు. వాడు నిద్రపోయాక పక్కన కూర్చుని నేనే ఏడ్చా.

బ్లీడింగ్ మొదలైన రెండో రోజుకి మంచు విడిపోయినట్టు మొత్తం పోతుంది, అప్పుడు వారం రోజులుగా అన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తాయి. ప్రతి నెలా ఈసారి శాంతంగా ఉంటా అనుకుంటా, ప్రతి నెలా ఇదే జరుగుతుంది. ఊపిరి గట్టిగా పీల్చుకో, పది లెక్కపెట్టు అని మాత్రం చెప్పకండి ప్లీజ్, ఆ క్షణంలో నాకు ఒకటి కూడా గుర్తురాదు. నిజంగా దీంట్లోంచి బయటపడ్డవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

నీలిమేఘం · జనవరి 10, ఉదయం 6:15

చెల్లీ, ముందు బాబు లేవగానే దగ్గరికి తీసుకుని సారీ చెప్పు. "నీ తప్పేం లేదు నాన్నా, అమ్మ అంత గట్టిగా అరవకుండా ఉండాల్సింది" అని మామూలుగా చెప్పు చాలు, పిల్లలకి అది బాగా అర్థమవుతుంది. నాకు 45, ఇద్దరు పిల్లలు, ఇరవై ఏళ్ళుగా ఇదే బాధ పడ్డా కాబట్టి చెప్తున్నా.

నువ్వన్నది కరెక్టే, ఆ క్షణంలో ఏదీ గుర్తురాదు. నేను చేసిన పెద్ద పొరపాటు కూడా అదే, కోపం వచ్చినప్పుడు ఆపుకోవాలని చూడటం. ఆపుకున్నకొద్దీ అది సాయంత్రానికి రెట్టింపై బయటికొచ్చేది. తర్వాత తెలిసిందేంటంటే ఆ వారానికి కావాల్సినవి దానికి ముందు వారంలోనే సర్దిపెట్టుకోవాలి అని. ముందు ఒక పని చెయ్, చిన్న నోట్‌బుక్ తీసుకుని రోజూ పడుకునే ముందు రెండు లైన్లు రాయి. పీరియడ్ మొదటి రోజుని 1 అనుకో, అక్కడ్నుంచి లెక్క. ఏ రోజు ఎలా ఉన్నావ్, ఎంత నిద్ర పట్టింది, ఎవరి మీద కసురుకున్నావ్. అలా రాస్తే తప్ప నాకు తెలీలేదు నా చెడ్డ రోజులు వారం కాదు, సరిగ్గా నాలుగు అని. నెల మొత్తం నేనింతే అనుకుని బతికా అన్నాళ్ళూ.

తూనీగ · జనవరి 10, ఉదయం 9:02

అక్కా నాక్కూడా సేమ్. నాకు 20, హాస్టల్‌లో ఉంటా. ఏడుపు తన్నుకొస్తది ఊరికే, కారణం ఏం ఉండదు, రూమ్మేట్స్ ఏమైందే అంటే చెప్పడానికేం ఉండదు. ఛాతీ సలుపు, కడుపు ఉబ్బరం, జీన్స్ కూడా పట్టవ్. ఎవరో బి6 మాత్రలు వేసుకో అన్నారు, ఇంకొకరు ప్రిమ్‌రోజ్ ఆయిల్ అన్నారు, ఏదైనా పనిచేస్తదా? హార్మోన్ టెస్ట్ చేయించుకుంటే తెలుస్తదా?

పగటినక్షత్రం · జనవరి 10, మధ్యాహ్నం 2:37

గైనిక్ ఓపీలో నర్సుగా పదకొండేళ్ళుగా చేస్తున్నా, నాకు తెలిసింది రాస్తా, కొంచెం పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

తూనీగా, హార్మోన్ టెస్ట్ గురించి రోజుకి ఒకరైనా అడుగుతారు. పీఎంఎస్, అంటే పీరియడ్‌కి ముందు వచ్చే ఈ ఇబ్బందులు ఉన్నవాళ్ళకి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ల టెస్ట్ చేస్తే దాదాపు అందరికీ నార్మలే వస్తుంది. అది చూసి "అన్నీ బాగానే ఉన్నాయిగా, అంతా నీ భ్రమ" అంటారు ఇంట్లో, ఆ మాటతో ఆ అమ్మాయి ఇంకా కుంగిపోతుంది. అసలు విషయం హార్మోన్ ఎక్కువైందా తక్కువైందా అని కాదు. అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ పెరిగి, పీరియడ్‌కి ముందు పడిపోతుంది. ఇది అందరికీ జరిగేదే. కొందరి మెదడు మాత్రం ఈ ఎక్కడం దిగడాన్ని తట్టుకోలేదు. ప్రొజెస్టిరాన్ నుంచి అల్లోప్రెగ్ననలోన్ అని ఒకటి తయారవుతుంది, మామూలుగా మెదడుని నెమ్మదింపజేసే గాబా అనే వ్యవస్థ మీద అది పనిచేస్తుంది, కొందరిలో ఆ నెమ్మదింపు సరిగ్గా జరగక ఉలికిపాటు, చిరాకు, ఆందోళన వస్తాయని ఇప్పుడు అనుకుంటున్నారు. మూడ్‌తో సంబంధం ఉన్న సెరోటోనిన్ అనే మెదడు రసాయనం పాత్ర కూడా ఉంది. అందుకే వానచినుకు గారూ, చిన్న చప్పుడుకి ఒళ్ళు మండటం మీ గుణం చెడ్డదై కాదు.

టెస్ట్ కంటే నీలిమేఘం అక్క చెప్పిన నోట్‌బుక్కే డాక్టర్‌కి ఎక్కువ ఉపయోగం. డాక్టర్లు వాడే డైలీ రికార్డ్ ఒకటుంది, అందులో ఒక్కో లక్షణానికి 1 నుంచి 6 వరకు మార్కు వేస్తారు, 1 అంటే అస్సలు లేదు, 6 అంటే చాలా ఎక్కువ. కనీసం రెండు సైకిల్స్, అంటే ఒక పీరియడ్ నుంచి ఇంకో పీరియడ్ దాకా రెండుసార్లు, రోజువారీగా రాయాలి. నెలాఖరున గుర్తు తెచ్చుకుని రాస్తే పనికిరాదు, మంచి రోజున చెడ్డ రోజు చిన్నగా కనిపిస్తుంది, చెడ్డ రోజున నెలంతా చెడ్డగానే కనిపిస్తుంది. పీరియడ్ అయ్యాక ఒక వారమైనా మార్కులు బాగా కిందికి దిగితేనే దాన్ని పీఎంఎస్ అంటాం. నెలంతా పైనే ఉంటే అది వేరే విషయం, దానికి వేరే వైద్యం.

బి6 వల్ల కొందరికి కొంచెం ఉపయోగం ఉండొచ్చు గానీ ఎక్కువ మోతాదులో నెలల తరబడి వేసుకుంటే నరాలు దెబ్బతిని చేతులు కాళ్ళు తిమ్మిర్లెక్కుతాయి, విటమినే కదా అని సొంతంగా వేసుకోవద్దు. ప్రిమ్‌రోజ్ ఆయిల్ పనిచేస్తుందని గట్టి ఆధారం లేదు. కాల్షియంకి మాత్రం కొంత బలం ఉంది. 1998లో వచ్చిన ఒక పెద్ద ట్రయల్‌లో రోజుకి 1200 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్ళకి మూడో సైకిల్‌కి లక్షణాల స్కోరు 48 శాతం తగ్గింది, మందు లేని డమ్మీ మాత్ర వేసుకున్నవాళ్ళకి కూడా 30 శాతం తగ్గింది. అంటే తేడా ఉంది, కానీ అద్భుతం కాదు. కిడ్నీలో రాళ్ళు వచ్చినవాళ్ళు అడక్కుండా మొదలుపెట్టొద్దు.

తూనీగ · జనవరి 10, మధ్యాహ్నం 3:10

థాంక్యూ అక్కా. ఇవాల్టి నుంచే రాస్తా.

గడ్డిపరక · జనవరి 10, రాత్రి 8:55

నాకొక మాట చెప్పాలని ఉంది, కొందరికి నచ్చకపోవచ్చు. ఇదంతా హార్మోన్లే అనేస్తే మనం నష్టపోతాం. మా ఇంట్లో నేను ఏ విషయానికి గట్టిగా మాట్లాడినా "డేట్ దగ్గరికొచ్చిందా" అనేవాళ్ళు, ఆ ఒక్క ప్రశ్నతో నేను చెప్పిన విషయం గాల్లో కలిసిపోయేది. నేనూ కొన్నాళ్ళు అదే నమ్మా. తర్వాత నోట్‌బుక్ రాయడం మొదలుపెడితే ఏం తేలిందంటే, ప్రతి నెలా నాకు కోపం వచ్చేది అవే మూడు విషయాల మీద. ఇంటి పని మొత్తం నా ఒక్కదాని మీద పడటం, నేను నిద్రపోయే టైంలో టీవీ, నన్నడక్కుండా చుట్టాల్ని పిలవడం. మిగతా మూడు వారాలు అవన్నీ మింగేస్తున్నా, ఆ వారంలో మింగలేకపోతున్నా, అంతే తేడా. బాధ నిజమే, అది బయటికొచ్చే గొంతు మాత్రం ఆ వారం పెద్దదవుతోంది.

ఇప్పుడు నేనేం చేస్తానంటే ఆ రోజుల్లో వచ్చిన కోపాన్ని కాగితం మీద పెడతా, ఎవరికీ చూపించను, పీరియడ్ అయిపోయాక ఆరో రోజో ఏడో రోజో తీసి చదువుతా. సగం ఏమీ లేనివే ఉంటాయి, కొట్టేస్తా. మిగతా సగం గురించి ఆ రోజే ప్రశాంతంగా కూర్చుని మాట్లాడతా. అప్పుడు నన్ను ఎవరూ డేట్ గురించి అడగలేరు. టీవీ హాల్లోంచి మారింది, పనుల్లో మూడో వంతు మారింది. చుట్టాల విషయం ఇంకా తెగలేదు.

నీలిమేఘం · జనవరి 10, రాత్రి 9:20

ఎంత బాగా చెప్పావమ్మా. ఇది నాకు పదేళ్ళ ముందు ఎవరైనా చెప్పుంటే బాగుండేది.

మారాకు · జనవరి 11, ఉదయం 7:40

నమస్తే అండీ. మగవాణ్ణి, మధ్యలో మాట్లాడొచ్చో లేదో తెలీదు. మా ఆవిడకీ ఇలాగే ఉంటుంది, ఆ రోజుల్లో నేనేం మాట్లాడినా తప్పే అవుతుందని మాట్లాడటమే మానేశా, దాంతో "నన్ను వదిలేశావ్" అని ఇంకా బాధపడుతోంది. నిజంగా ఏం చేస్తే తనకి తేలిగ్గా ఉంటుందో చెప్తారా? గొడవ తప్పించుకుందామని అడగట్లేదు, తను అలా నలిగిపోవడం చూడలేకపోతున్నా.

నీలిమేఘం · జనవరి 11, ఉదయం 8:25

అడిగావు చూడు తమ్ముడూ, అదే చాలా పెద్ద విషయం. తప్పుకుని తిరగొద్దు. ఆ రోజుల్లో సలహాలివ్వొద్దు, "కూల్‌గా ఉండు" అనే మాట అసలే వద్దు. పనులు తన చేతిలోంచి తీసుకో, అడిగి కాదు, చూసి. "ఏం చెయ్యమంటావ్" అని అడిగితే ఆలోచించి చెప్పే పని కూడా మళ్ళీ తన మీదే పడుతుంది. పిల్లలుంటే రాత్రి వాళ్ళని పడుకోబెట్టడం నువ్వు చూసుకో, తనకి ఓ గంట ముందు నిద్ర దొరికేలా. అసలు ఏం కావాలో మాత్రం తను బాగున్న రోజున అడుగు, ఆ రోజున కాదు.

గడ్డిపరక · జనవరి 11, ఉదయం 8:50

తన డేట్లు మీరు లెక్కపెడుతున్నట్టు తనకి అనిపించకూడదు. తనే చెప్తే వినండి.

పగటినక్షత్రం · జనవరి 11, రాత్రి 10:05

నిద్ర మాట వచ్చింది కాబట్టి ఒకటి. అండం విడుదలయ్యాక ఒంటి వేడి 0.3 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ వరకు పెరుగుతుంది, పీరియడ్ వచ్చేదాకా అలాగే ఉంటుంది. చాలామందికి ఆ రోజుల్లో ఉక్కగా అనిపించి రాత్రి రెండింటికీ మూడింటికీ మెలకువ వస్తుంది, దానికి ఇదీ ఒక కారణం. గది చల్లగా ఉంచుకోండి, పల్చటి దుప్పటి, సాయంత్రం తర్వాత కాఫీ టీలు ఆపేయండి. మద్యం అలవాటున్నవాళ్ళు ఆ వారం దూరంగా ఉంటే మంచిది, నిద్రనీ మూడ్‌నీ రెండింటినీ పాడుచేస్తుంది. ఛాతీ సలుపుకి సరిగ్గా పట్టి ఉంచే బ్రా, పడుకునేటప్పుడు కూడా మెత్తటిది వేసుకుంటే కొందరికి హాయిగా ఉంటుంది. ఉబ్బరానికి ఉప్పు తగ్గించి చూడండి. నడక నెలంతా ఉండాలి, చెడ్డ రోజుల్లో ఒక్కసారిగా మొదలుపెట్టాలంటే కాలు కదలదు.

కాగితపుపడవ · జనవరి 12, రాత్రి 1:30

ఇదంతా చదివి రాస్తున్నా. నాది చిరాకు కాదండీ. ఆ పది రోజులు నాకు బతకాలనిపించేది కాదు. నేను లేకపోతే అందరూ హాయిగా ఉంటారు అనే మాట తలలో తిరుగుతూనే ఉండేది, పీరియడ్ మొదలైన రెండు రోజులకి ఆ మాట ఎవరో తీసేసినట్టు పోయేది, అందుకే ఎవరికీ చెప్పలేదు, మళ్ళీ రాదులే అనుకునేదాన్ని. వచ్చేది. ఏడేళ్ళు అలా గడిచాయి. మా అక్కకి ఒకరాత్రి ఫోన్లో మొత్తం చెప్పేశా, తనే తెల్లారి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది. పీఎండీడీ అన్నారు, పీఎంఎస్‌లోనే చాలా తీవ్రమైన రకం. మానసిక వైద్యులు వాడే అమెరికా మాన్యువల్‌లో 2013 నుంచి ఇది విడిగా ఒక జబ్బుగా ఉందట. దానికి ఒక పేరు ఉందని తెలిసిన రోజు నేను ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఎంత ఏడ్చానో.

డిప్రెషన్‌కి వాడే ఎస్ఎస్ఆర్ఐ రకం మందు ఇచ్చారు. డిప్రెషన్‌లో అవి పనిచేయడానికి వారాలు పడుతుంది గానీ దీనికి రోజుల్లోనే తేడా తెలుస్తుందని చెప్పారు, నాకు మొదటి నెలే తెలిసింది. కొందరికి రోజూ, కొందరికి అండం విడుదలయ్యాక ఆ రెండు వారాలే ఇస్తారట, నాకు రెండో పద్ధతి. దాంతోపాటు కౌన్సెలింగ్. ఇప్పటికీ ఆ రోజులు బరువుగానే ఉంటాయి, కానీ ఆ మాట రావట్లేదు. మందు పేరు కావాలనే రాయట్లేదు, ఎవరికేది పడుతుందో డాక్టరే చూడాలి.

ఇక్కడ ఎవరికైనా అలాంటి ఆలోచన వస్తుంటే రెండు నెలలు నోట్‌బుక్ రాసి చూద్దాం అని ఆగొద్దు. ఆ రాత్రే ఎవరికో ఒకరికి చెప్పండి, మీ దగ్గరి ఆస్పత్రికి వెళ్ళండి, ఒంటరిగా మాత్రం ఉండొద్దు. డేట్ వస్తే పోతుందిలే అని నేను ఆగిన ప్రతిసారీ చాలా దగ్గరిదాకా వెళ్ళొచ్చా.

వానచినుకు · జనవరి 12, ఉదయం 6:50

మీరు ఇది రాసినందుకు చాలా థాంక్స్ అండీ. మీ అక్కకి కూడా.

పగటినక్షత్రం · జనవరి 12, ఉదయం 7:15

కాగితపుపడవ గారు చెప్పిన ప్రతి మాటా నిజం. మందు సొంతంగా మొదలుపెట్టకూడదు, సొంతంగా ఆపకూడదు కూడా. కొందరికి అండం విడుదల కాకుండా చేసే డ్రోస్పైరినోన్ అనే హార్మోన్ మందు ఉన్న గర్భనిరోధక పిల్స్ ఇస్తారు, కానీ కళ్ళ ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉన్నవాళ్ళకి, రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్ళకి అవి పనికిరావు, డాక్టర్ అడక్కపోయినా మీరే చెప్పండి.

వానచినుకు · ఫిబ్రవరి 14, రాత్రి 10:20

నెల రోజులు రాశా, వచ్చి చెప్తా అనుకున్నా, చెప్తున్నా. నా చెడ్డ రోజులు 22 నుంచి 27 వరకు. అది ఊహించిందే. ఊహించనిది ఏంటంటే ఆరు రోజుల్లో నేను అరిచింది నాలుగుసార్లు, నాలుగూ సాయంత్రం ఆరున్నర, ఎనిమిది మధ్యలోనే. ఆఫీసు నుంచి వచ్చి, మధ్యాహ్నం తిన్నదే ఉండి, బాబు హోంవర్కూ వంటా ఫోనూ అన్నీ ఒకేసారి మీద పడే టైం అది. పొద్దున పూట ఒక్కసారి కూడా లేదు. నేను రోజంతా అరుస్తూనే ఉంటాననుకున్నా ఇన్నాళ్ళూ. రోజుకి గంటన్నర అని తెలిసేసరికి ఏదో భుజం మీంచి దిగినట్టయింది, గంటన్నరకైతే ఏదో ఒకటి చెయ్యొచ్చు కదా అనిపించింది.

మారాకు · ఫిబ్రవరి 15, ఉదయం 7:05

నేను కూడా చెప్తా. నీలిమేఘం అక్క చెప్పినట్టే అడక్కుండా పనులు తీసుకున్నా. మొదటి రెండు రోజులు తనకి అనుమానం వచ్చింది ఏంటీ సంగతి అని, తర్వాత ఒకరోజు రాత్రి తనే చెప్పింది, ఆ రోజుల్లో ఏం మాట్లాడకపోయినా ఒకే గదిలో ఉంటే చాలట. ఇన్నేళ్ళూ నేను పక్క గదిలోకి వెళ్ళిపోతున్నా.

వానచినుకు · మార్చి 14, రాత్రి 9:35

రెండో నెల. ఆ ఆరు రోజుల కోసం ముందే కొన్ని మార్చా. సాయంత్రం ఐదింటికే కడుపులో ఏదో ఒకటి పడేలా చూసుకున్నా. హోంవర్క్ మా ఆయనకి ఇచ్చేశా. ఇంటికి రాగానే పది నిమిషాలు తలుపేసుకుని చీకట్లో పడుకుంటున్నా, ఎవరూ పిలవకూడదని ముందే చెప్పా. ఆఫీసులో మేనేజర్‌తో మాట్లాడాల్సిన కష్టమైన విషయం ఒకటుంటే వచ్చే వారానికి జరిపా. అరిచింది ఒక్కసారి. ఒక్కసారి కూడా అరవకూడదు అనుకున్నా గానీ నాలుగు నుంచి ఒకటి.

బాబుకి కూడా చెప్పా, అమ్మకి కొన్ని రోజులు ఒంట్లో బాగోదు, అప్పుడు చప్పుళ్ళు పెద్దగా వినిపిస్తాయి అని. వాడు ఇప్పుడు రోజూ స్కూల్ నుంచి రాగానే "అమ్మా ఇవాళ ఎంత?" అని అడుగుతున్నాడు, నా నోట్‌బుక్‌లో మార్కులు చూశాడు కదా. 4 అంటే బొమ్మలు తీసుకుని మెల్లగా లోపలికి వెళ్ళిపోతున్నాడు.

గడ్డిపరక · మార్చి 14, రాత్రి 10:10

వానచినుకు గారూ, చాలా సంతోషం, నిజంగా. ఒక్క విషయం చెప్తా, ఏమీ అనుకోకండి. బాబు రోజూ వచ్చి మార్కు అడగడం నాకు కొంచెం భయం వేసింది. మా అమ్మ మొహం చూసి ఇవాళ నేను మాట్లాడొచ్చా లేదా అని లెక్కేసుకుంటూ పెరిగినదాన్ని నేను. అమ్మ మూడ్ కాపాడటం వాడి పని అని వాడికి అనిపించకూడదు. మార్కు పెద్దవాళ్ళకి చెప్పండి, వాడికి వద్దు.

వానచినుకు · మార్చి 15, ఉదయం 6:30

రాత్రంతా ఇదే ఆలోచించా. మీరు చెప్పింది నిజం. ముద్దుగా ఉందని మురిసిపోయా గానీ వాడు మెల్లగా వెళ్ళిపోవడం, ఆ రోజు గోడకి ఆనుకోవడం రెండూ ఒకటే కదా. నోట్‌బుక్ పై అరలో పెట్టేశా. ఇంకోసారి అడిగితే "బాగానే ఉన్నా, నువ్వు ఆడుకో, చప్పుడైతే నేనే గదిలోకి వెళ్తా" అని చెప్తా. వెళ్ళాల్సింది నేను, వాడు కాదు.

తూనీగ · మార్చి 22, రాత్రి 11:15

నేను కూడా రెండు నెలలు రాశా అక్కా. పగటినక్షత్రం అక్క చెప్పినట్టు చూస్తే నాది పీరియడ్ తర్వాత కూడా కిందికి దిగట్లేదు, ముందు 5 ఉంటే తర్వాత 4, ఒక్క రోజు కూడా 2 లేదు. నేను పీఎంఎస్ అనే అనుకున్నా. నోట్‌బుక్ తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆమె రెండు నిమిషాలు చూసి, ఇది నెలంతా ఉంది, డేట్ ముందు కొంచెం పెరుగుతోంది అంతే అని థైరాయిడ్, హిమోగ్లోబిన్ టెస్టులు రాశారు. థైరాయిడ్ తక్కువ ఉంది, మందు మొదలైంది. రెండు నెలల తర్వాత మళ్ళీ చూద్దాం, అప్పటికీ మనసు ఇలాగే ఉంటే కౌన్సెలర్ దగ్గరికి పంపిస్తా అన్నారు. రాయకపోయుంటే బి6 వేసుకుంటూ ఉండేదాన్ని.

పగటినక్షత్రం · మార్చి 23, ఉదయం 6:40

చాలా మంచి పని చేశావ్ తల్లీ. రాయడం ఆపకు, మందు పనిచేస్తోందో లేదో కూడా అందులోనే తెలుస్తుంది. థైరాయిడ్ మాత్ర పొద్దున్నే పరగడుపున వేసుకో, కాల్షియం వాడుతుంటే రెండింటి మధ్య నాలుగు గంటలు తేడా ఉండాలి.

వానచినుకు · మార్చి 30, రాత్రి 10:50

రేపటికి నాకు 21వ రోజు. హోంవర్క్ సంగతి మా ఆయనకి గుర్తుచేశా, ఐదింటికి తినడానికి బ్యాగులో పెట్టుకున్నా, పల్చటి దుప్పటి తీశా. బాబు ఇవాళ మళ్ళీ "ఎంతమ్మా" అన్నాడు, ఆడుకోపో నాన్నా అన్నా, కాసేపు నా మొహంలోకి చూసి సరేనని బంతి తీసుకుని హాల్లోనే ఆడాడు, బాగా చప్పుడు చేశాడు. ఈ నెల ఎలా గడిచిందో వచ్చి రాస్తా.